వివాల్డి దొరికిన చోట్లు

వివాల్డి గురించి మనవాళ్ళకు కొత్తగా చెప్పక్కర్లేదు. ‘నాలుగు ఋతువులు’ అన్న పేరు తెలియకపోయినా, ఆ వయొలిన్ వరస టీవీ ప్రకటనల్లోనో, ఫోను చెవిన పెట్టుకుని ఎదురు చూస్తున్నప్పుడో అందరూ వినే ఉంటారు. అలాంటి మనిషిని లోకం దాదాపు రెండు శతాబ్దాలు మరిచిపోయిందంటే నమ్మడం కష్టమే. 1741లో వియన్నాలో చేతిలో డబ్బు లేని స్థితిలో కన్నుమూశాడు. బతికుండగా కొన్ని కన్‌చెర్టోలు ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చయ్యాయి. వాటిలో కొన్నింటిని బాఖ్ తన వాద్యాలకు మార్చి రాసుకున్నాడు. అందుకని బాఖ్ మీద పనిచేసే పండితులు వివాల్డిని ఎప్పుడైనా తలుచుకునేవారు. ఇవాళ ఆయన రచనల పట్టికలో వరస సంఖ్య ఎనిమిది వందలు దాటింది. ఆ రచనలు ఎక్కడెక్కడ దొరికాయి, దొరికినవి ఆయనవేనని ఎలా తేలింది అని అడుగుతూ పోతే తేలేది గ్రంథాలయాల చరిత్ర. నాకు దానిమీద మమకారం ఎక్కువ.

నేను విజయనగరంలో వయొలిన్ నేర్చుకుని, ఉత్తరాంధ్రలోనే ఒక పౌర గ్రంథాలయంలో ఉద్యోగం చేసి రిటైరైనదాన్ని. సంగీతం పుస్తకాల బీరువాలు చాలాకాలం నా చేతికింద ఉన్నాయి. ఇప్పుడు మాంచెస్టర్‌లో మా అమ్మాయి దగ్గరికి వచ్చినప్పుడల్లా ఊరి నడిబొడ్డున ఉన్న సెంట్రల్ లైబ్రరీకి పోయి కూర్చుంటాను. ఈ కథలో ఆ లైబ్రరీకి కూడా పెద్ద భాగమే ఉంది. కాని మొదలు ఇటలీలో.

టూరిన్ నగరంలోని జాతీయ గ్రంథాలయం 1904 జనవరిలో కాలిపోయింది. వేల పుస్తకాలు, రాతప్రతులు బూడిదయ్యాయి. ఇరవై రెండేళ్ళ తరవాత, 1926లో, దగ్గరలోని ఒక పల్లెలో బడి నడుపుకుంటున్న సలేసియన్ పాదిరీలకు కట్టడం మరమ్మతులకు డబ్బు కావలసి వచ్చింది. అటక మీద పాత సంగీతం కట్టలున్నాయి, అమ్మితే ఏమొస్తుందో చెప్పండని గ్రంథాలయానికి కబురు పెట్టారు. గ్రంథాలయాధిపతి లుయిజీ తోర్రి, విశ్వవిద్యాలయంలో సంగీత చరిత్ర చెప్పే అల్బెర్తో జెంతీలిని పిలిచి చూడమన్నాడు. వచ్చిన సంపుటాలు 97. వాటిలో పద్నాలుగు వివాల్డివి. ఎవరూ కనీవినీ ఎరుగని ఆపెరాలు, కన్‌చెర్టోలు, చర్చి సంగీతం, చాలావరకు ఆయన స్వదస్తూరీతో.

కొనడానికి గ్రంథాలయం దగ్గర డబ్బు లేదు. విషయం బయటికి పొక్కితే పాత పుస్తకాల వ్యాపారులు వాలిపోతారు, సంపుటాలు విడివిడిగా దేశాలు పట్టిపోతాయి. జెంతీలి వెతగ్గా వెతగ్గా రోబెర్తో ఫోవా అనే షేరు వ్యాపారి దొరికాడు. ఆయన పసికొడుకు మావురో అప్పుడే చనిపోయాడు. కొడుకు పేరు పెట్టమని చెప్పి 1927లో మొత్తం కొని గ్రంథాలయానికి ఇచ్చేశాడు.

ఇక్కడే జెంతీలి ఒక గ్రంథాలయోద్యోగి చూసినట్టు చూశాడు. సంపుటాల బైండింగు, లోపలి అంకెల వరస చూస్తే మధ్యమధ్య ఖాళీలు కనపడ్డాయి. అంటే ఇది సగమే. మిగతా సగం ఎక్కడో ఉంది. పుస్తకాల పాత యజమానుల వంశవృక్షం పట్టుకుని వెళితే అది జెనోవాలో దురాజ్జో అనే ప్రభువంశం దగ్గర తేలింది. పద్దెనిమిదో శతాబ్దంలో వెనిస్‌లో ఆస్ట్రియా రాయబారిగా ఉన్న జాకొమో దురాజ్జో ఈ సేకరణను సంపాదించాడు. తరవాతి తరాల్లో అన్నదమ్ముల వాటాల్లో రెండు ముక్కలైంది. మన ఇళ్ళల్లో తాళపత్రాలకు పట్టిన గతే. రెండో వాటాదారుడిని ఒప్పించడానికి మూడేళ్ళు పట్టింది. 1930లో దాన్ని కొన్నది ఫిలిప్పో జొర్దానో అనే బట్టల మిల్లు యజమాని. ఆయనకూ చిన్నతనంలోనే పోయిన కొడుకున్నాడు, పేరు రెంజో. ఈ రోజుకూ టూరిన్‌లో వివాల్డి సంపుటాలను ‘మావురో ఫోవా’, ‘రెంజో జొర్దానో’ అన్న ఆ ఇద్దరు పిల్లల పేర్లతోనే అడిగి తీయించుకుంటారు. మొత్తం 27 సంపుటాలు, నాలుగు వందల యాభై దాకా రచనలు.

జెంతీలి యూదుడు. 1938లో ముస్సోలిని జాతి చట్టాలు వచ్చాక ఆయన విశ్వవిద్యాలయం కొలువు పోయింది. తాను వెలికితీసిన సంగీతం మీద పని చేసే అవకాశమూ పోయింది. 1939 సెప్టెంబరులో సియెనా పట్నంలో వివాల్డి వారోత్సవం జరిగితే, దాన్ని నడిపించినవాడు అల్ఫ్రెడో కసెల్లా అనే స్వరకర్త. టూరిన్ రాతప్రతులకు తొలి సూచికల్లో ఒకటి తయారు చేసింది ఒల్గా రడ్జ్ అనే వయొలినిస్టు. ఆమె సహచరుడు, అమెరికన్ కవి ఎజ్రా పౌండ్, జర్మనీలో డ్రెస్డెన్ గ్రంథాలయంలో ఉన్న వివాల్డి ప్రతులకు మైక్రోఫిల్ములు తెప్పించాడు. ఒక ఊరి ప్రతిని మరో ఊళ్ళో కూర్చుని చదవవచ్చన్న సంగతి సంగీతం విషయంలో అంత తొందరగా గుర్తించినవాళ్ళు తక్కువ. అదే పౌండ్ జెంతీలి పొట్టకొట్టిన ప్రభుత్వానికి వంత పాడాడు. మైక్రోఫిల్ముల మేలు చెప్పినప్పుడు ఈ మాట కూడా చెప్పి తీరాలి.

యుద్ధం అయ్యాక వివాల్డి మీద పుస్తకాలు, అచ్చుప్రతులు, రికార్డులు వరదలా వచ్చాయి. దాంతో కొత్త గొడవ మొదలైంది. రినాల్డి అనే పండితుడు ఒక వరస సంఖ్య ఇచ్చాడు. పింకెర్ల్ 1948లో ఇంకొకటి ఇచ్చాడు. రికోర్డీ ప్రచురణ వాళ్ళు ఫన్నా సంఖ్యలు వాడారు. ఒకే కన్‌చెర్టోకు మూడు నంబర్లు, రికార్డు అట్ట మీద ఒకటి, స్వరలిపి పుస్తకం మీద ఇంకొకటి. పాఠకుడు వచ్చి ‘ఎ మైనర్‌లో వయొలిన్ కన్‌చెర్టో కావాలి’ అంటాడు. అలాంటివి ఒకటికి మించే ఉంటాయి. డెన్మార్క్‌కు చెందిన పీటర్ ర్యూమ్ 1970లలో అన్నీ సరిచూసి కొత్త పట్టిక వేశాడు. ఇప్పుడు అందరూ వాడే ఆర్‌వీ సంఖ్యలు ఆయనవే. ఆ పట్టికలో నాకు ముఖ్యంగా కనపడేది సంఖ్య కాదు. ప్రతి రచన పక్కనా దాని ఎత్తుగడ, అంటే మొదటి కొన్ని స్వరాలు, అచ్చేసి ఉంటుంది.

ఈ ఎత్తుగడ విలువ నాకు ఉద్యోగంలో తెలిసొచ్చింది. మా కేటలాగులో కార్డు ‘త్యాగరాజ కీర్తనలు’ అని ఉండేది. అడగడానికి వచ్చే పిల్లకు పుస్తకం పేరుతో పనిలేదు, పల్లవి మొదటి మాట తెలుసు, లేదా రెండు ఆవర్తాలు కూనిరాగం తీయగలదు. ఏ పుస్తకంలో ఏ పేజీలో ఉందో మాత్రం నేను వెతికివ్వాలి. కొన్ని పుస్తకాల వెనక పల్లవుల అకారాది పట్టిక ఉండేది, కొన్నింటికి ఉండేది కాదు. లేనివాటికి నేనే ఒక పొడుగు రిజిస్టరులో రాసుకుంటూ వచ్చాను. మాట ఉన్న పాటకు అది సరిపోతుంది. మాటే లేని వయొలిన్ సొనాటాకు అకారాది పట్టిక ఎక్కడిది? స్వరాలనే వరసపెట్టాలి.

పాత సంగీతం ఏ గ్రంథాలయంలో ఏముందో చెప్పే పని మొదట ఒంటరి మనుషులు చేశారు. రాబర్ట్ ఐట్నర్ అనే జర్మన్ 1900 నుంచి 1904 మధ్య పది సంపుటాల నిఘంటువు వేశాడు. యూరప్‌లో ఎవరి రచన ఏ ఊళ్ళో ఉందో అందులో ఉంటుంది. ఒక్క మనిషి అంత పని చేశాడంటే దండం పెట్టాలి. కాని రెండు ప్రపంచ యుద్ధాల తరవాత ఆ పుస్తకం సగం ఊళ్ళకు చెల్లలేదు. బెర్లిన్ రాజ్య గ్రంథాలయం బాంబులకు భయపడి మొజార్ట్, బేతోవెన్‌ల స్వదస్తూరి ప్రతులను పెట్టెల్లో పెట్టి తూర్పున ఒక మఠానికి పంపింది. యుద్ధం ముగిశాక సరిహద్దు గీత జరిగింది, మఠం పోలెండులోకి వచ్చింది, పెట్టెలు కనపడకుండా పోయాయి. 1977లో పోలెండు నాయకుడు కొన్నింటిని తూర్పు జర్మనీ చేతికిచ్చేదాకా అవి ఉన్నాయో లేవో బయటి పండితులకు రూఢిగా తెలియదు. మిగతావి ఇప్పటికీ క్రాకూలోని యాగెలోనియన్ గ్రంథాలయంలోనే ఉన్నాయి.

ఆ యుద్ధం నేర్పిన పాఠంతోనే సంగీత గ్రంథాలయాలవాళ్ళు 1949లో ఫ్లోరెన్సులో, మరుసటేడు లూనెబర్గులో కలిసి, 1951లో పారిస్‌లో యునెస్కో నీడన ఒక అంతర్జాతీయ సంఘం పెట్టుకున్నారు. 1952లో సంగీత చరిత్రకారుల సంఘంతో కలిసి ‘రిస్మ్’ మొదలుపెట్టారు. ప్రపంచంలోని పాత సంగీతం అచ్చుప్రతులూ రాతప్రతులూ ఎక్కడెక్కడ ఉన్నాయో నమోదు చేసే పని అది. ఏ దేశంవాళ్ళు ఆ దేశంలో తిరిగి చీటీలు రాయాలి, కేంద్ర కార్యాలయానికి పంపాలి. కార్యాలయం ముందు పారిస్‌లో, తరవాత కాసెల్‌లో, 1987 నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌లో. గోడకు ఇటు తూర్పు జర్మనీ నుంచీ చీటీలు వచ్చాయి, అటు పశ్చిమం నుంచీ వచ్చాయి. 1800కు ముందు అచ్చయిన సంగీతం జాబితా ఒక్కటే 1971 నుంచి పదేళ్ళపాటు తొమ్మిది సంపుటాలుగా వెలువడింది.

ఈ పని సాగడానికి కారణం రెండు చిన్న ఏర్పాట్లు. మొదటిది, ప్రతి గ్రంథాలయానికీ ఒక పొట్టి గుర్తు. దేశం అక్షరం, ఒక గీత, ఊరూ సంస్థా చెప్పే రెండు మూడు అక్షరాలు. టూరిన్ జాతీయ గ్రంథాలయం ‘ఐ–టీఎన్’, డ్రెస్డెన్ ‘డీ–డీఎల్’, మాంచెస్టర్ పౌర గ్రంథాలయం ‘జీబీ–ఎంపీ’. ఏ భాషవాడు రాసినా అదే గుర్తు, ఏ భాషవాడు చదివినా అదే చోటు. రెండోది ఎత్తుగడ రాసే పద్ధతి. అయిదు గీతల స్వరలిపిని టైపు మిషను కొట్టలేదు, అప్పటి కంప్యూటరూ చదవలేదు. 1964లో న్యూయార్కులో బారీ బ్రూక్ అనే సంగీత పండితుడు మామూలు అక్షరాలు, అంకెలు, కామాలతో స్వరాలు రాసే ‘ప్లెయిన్ అండ్ ఈజీ’ అనే సంకేతం తయారు చేశాడు. అక్షరం స్వరం, అంకె కాలప్రమాణం, కామా కొడితే మంద్రం, పైన గుర్తు పెడితే తారం. మనం స రి గ మలకు కిందా పైనా చుక్క పెట్టి స్థాయి చూపినట్టే. ఇప్పటికీ ఆ సంకేతంలోనే నమోదు చేస్తున్నారు.

మన వైపు ఈ పని మరీ వెనకబడిందేమీ కాదని ఇక్కడే చెప్పాలి. 1904లో, ఐట్నర్ పదో సంపుటం వచ్చిన ఏడే, ఎట్టయపురంలో సుబ్బరామ దీక్షితులు ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ని తెలుగు లిపిలో అచ్చు వేయించారు. ముత్తుస్వామి దీక్షితుల కృతులు స్వరాలతో, గమక చిహ్నాలతో సహా అందులో ఉన్నాయి. దానికోసం ఆయన వెంటపడి ఒప్పించినవాడు చిన్నస్వామి ముదలియారు. మన కీర్తనలను యూరప్ స్వరలిపిలోకి మార్చి లోకానికి చూపాలని కళ్ళు పోగొట్టుకునేదాకా పాటుబడినవాడు. లక్ష్యం అదే, ప్రయత్నమూ గొప్పదే. దాన్ని తరవాతి తరాలు ఊరూరా చీటీలు రాసే పనిగా మార్చుకోలేకపోయాయి. గురువుల నోటుపుస్తకాలు ఇప్పటికీ ఇళ్ళల్లో ట్రంకు పెట్టెల్లో ఉన్నాయి. వాటి మీద నాకున్న బెంగ వల్లే రిస్మ్ కథ నన్నింత పట్టుకుంది.

ఇక మాంచెస్టర్. పన్నుల డబ్బుతో అందరికీ ఉచితంగా పుస్తకాలివ్వాలని చట్టం వచ్చాక 1852లో ఈ ఊళ్ళో ఫ్రీ లైబ్రరీ తెరిచారు. బర్న్‌లీలో పుట్టిన హెన్రీ వాట్సన్ అనే సంగీతం మాస్టారు జీవితమంతా కూడబెట్టిన సంగీతం పుస్తకాలను 1899లో నగరానికి ఇచ్చేశాడు. చదువుకునే రోజుల్లో స్వరలిపి పుస్తకం కొనలేని కష్టం ఎరిగినవారికే ఇలాంటి దానాల విలువ తెలుస్తుంది. ఇప్పుడది సెయింట్ పీటర్స్ స్క్వేర్‌లో 1934లో కట్టిన గుండ్రటి సెంట్రల్ లైబ్రరీలో ఉంది. ఊళ్ళోని గాన బృందాలు ఒకే రచన ప్రతులు ఒక్కసారిగా కట్టలుగా తీసుకుపోతుంటాయి. పియానో వాయించి చూసుకోవడానికీ వీలుంది. ఎవరూ ఎవరినీ ఎందుకొచ్చావని అడగరు.

1965లో ఈ పౌర గ్రంథాలయం న్యూమన్ ఫ్లవర్ అనే ప్రచురణకర్త సేకరణను కొన్నది, హ్యాండెల్ ప్రతుల కోసం. వాటి పుట్టుపూర్వోత్తరాలు ఇలా ఉన్నాయి. రోములో కార్డినల్ ఒత్తొబోని సంగీతానికి పెద్ద పోషకుడు. 1740లో ఆయన పోయాక ఆస్తి అమ్మకానికి వచ్చింది. హ్యాండెల్ ‘మెస్సయా’కు మాటలు కూర్చిన చార్లెస్ జెన్నెన్స్ తరఫున మిత్రుడొకడు అందులో కొంత సంగీతం కొని ఇంగ్లండుకు పంపాడు. జెన్నెన్స్ తరవాత అది ఎయిల్స్‌ఫర్డ్ ప్రభువుల ఇంట పడి ఉండి 1918లో వేలానికి వచ్చింది. ఫ్లవర్ పాడుకున్నాడు. ఆయన పోయాక మాంచెస్టర్ చేరింది.

హ్యాండెల్ కోసం కొన్న కట్టల్లో వివాల్డి ఉన్నాడు. 1973లో, పక్క ఊరు లివర్‌పూల్ విశ్వవిద్యాలయంలో పనిచేసే మైకేల్ టాల్బట్ పన్నెండు వయొలిన్ సొనాటాల ప్రతిని గుర్తించాడు. కొన్ని భాగాలు స్వయంగా వివాల్డి రాసినవి. 1726లో ఒత్తొబోని వెనిస్ వచ్చినప్పుడు ఆయనకు సమర్పించినవి కావచ్చని టాల్బట్ నిర్ణయం. వాటిలో కొన్ని వేరే ఊళ్ళలో విడివిడిగా దొరికిన ప్రతుల వల్ల ముందే తెలుసు. మిగతావి లోకానికి పూర్తిగా కొత్తవి. ఏది కొత్త, ఏది పాత అని తేల్చడానికి ఆధారం ఎత్తుగడలే. ఇవాళ సంగీతజ్ఞులంతా వాటిని ‘మాంచెస్టర్ సొనాటాలు’ అంటారు. అదే సేకరణలో ‘నాలుగు ఋతువులు’ రాతప్రతి కూడా ఉంది. ఆమ్‌స్టర్‌డామ్‌లో 1725లో అచ్చయినదానికీ దీనికీ తేడాలున్నాయి. పాల్ ఎవరెట్ అనే పరిశోధకుడు తరవాత ఆ కాగితాల గీతలు, లేఖకుల దస్తూరీలు తరచి చూసి, ఏది ఏ కాలంలో రాసిందో విడదీశాడు. పౌర గ్రంథాలయం అంటే కథల పుస్తకాలు, పేపర్లు అనుకునేవారికి నేను ఈ సంగతి చెబుతుంటాను. ప్రతి పుస్తకానికీ ఒక పాఠకుడుంటాడని 1931లోనే మన గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ గారు సూత్రం రాశారు. ఈ పుస్తకానికి పాఠకుడు రావడానికి ఎనిమిదేళ్ళు పట్టింది.

కేటలాగులో తప్పు పేరుతో ఉన్న ప్రతి దొరకాలంటే ఇంకా కష్టం. డ్రెస్డెన్ రాజాస్థానం 1750లలో వెనిస్‌లోని ఇసెప్పో బాల్డన్ అనే లేఖకుడి దుకాణం నుంచి గలుప్పి అనే స్వరకర్త రాసిన చర్చి సంగీతం తెప్పించుకుంది. గలుప్పి అప్పుడు పేరున్నవాడు, వివాల్డి పోయి పదేళ్ళు దాటింది. అడిగినంత సరుకు లేక బాల్డన్ వివాల్డి రచనలకు గలుప్పి పేరు పెట్టి పంపాడు. దొంగ చిరునామా రెండున్నర శతాబ్దాలు నిలిచింది. 2005లో మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయానికి చెందిన జానిస్ స్టాకిగ్ట్ ఆ అరల్లో ‘దీక్సిత్ దోమినుస్’ అనే రచనను చూసి ఇది గలుప్పి ధోరణి కాదనుకుంది. టాల్బట్ సరిచూసి వివాల్డిదేనన్నాడు. ఆర్‌వీ 807గా పట్టికకెక్కింది. ఆస్ట్రేలియా నుంచి జర్మనీకి వచ్చిన ఒక మనిషి, ఇంగ్లండులో ఉన్న ఇంకొకరు, ఇటలీ ప్రతులతో పోలిక. పేరు ఏదున్నా స్వరాలు నమోదై ఉంటే ఇలాంటి దొంగతనం ఎప్పుడో ఒకప్పుడు బయటపడుతుంది.

2010 జూన్‌లో రిస్మ్ తన రాతప్రతుల నమోదులను ఇంటర్నెట్‌లో అందరికీ ఉచితంగా తెరిచింది. అప్పటికే ఏడు లక్షలు దాటాయి, ఇప్పుడు పది లక్షలు దాటాయి. అంతకుముందు పెద్ద విశ్వవిద్యాలయాలు చందా కట్టి చూసేవి. ఇప్పుడు మాంచెస్టర్‌లో కూర్చుని నేను ఎత్తుగడ టైపు చేసి వెతుకుతాను. శ్రుతి మారినా పట్టుకునేలా వెతికే ఏర్పాటూ ఉంది. స రి గ మల్లో పెరిగిన నాకు ఆ సదుపాయం సహజంగా తోచింది. షడ్జం ఎక్కడున్నా మనకు వరస ఒకటే కదా.

ఆ శ్రుతి మార్పు సంగతికి మంచి ఉదాహరణ అదే ఏడు బయటపడింది. ఆండ్రూ వూలీ అనే పరిశోధకుడు ఎడిన్‌బరోలో స్కాట్లండ్ జాతీయ అభిలేఖాగారంలో, లోథియన్ ప్రభువుల కుటుంబ కాగితాల మధ్య, ఒక ఫ్లూట్ కన్‌చెర్టో చూశాడు. పేరు ‘ఇల్ గ్రాన్ మొగోల్’. మన మొఘలు పాదుషా పేరే. ఆ కుటుంబంలో ఫ్లూట్ వాయించే రాబర్ట్ కెర్ అనే యువకుడి వల్ల అది స్కాట్లండ్ చేరి ఉండవచ్చు. అతను 1746లో కల్లోడన్ యుద్ధంలో చనిపోయాడు. దొరికినదాంట్లో రెండో వయొలిన్ భాగం లేదు. కాని అదే కన్‌చెర్టోను వివాల్డి తరవాత ఇంకో శ్రుతికి మార్చి రాసుకున్న ప్రతి టూరిన్‌లో ఉంది. దాని సాయంతో లేని భాగం పూరించారు. 2011 జనవరిలో పెర్త్‌లో వాయించారు.

నిజానికి ఇలాంటివి నాలుగుండాలి. 1759లో హేగ్‌లో సెల్‌హాఫ్ అనే పుస్తకాల వర్తకుడి సరుకు వేలానికి వేసిన జాబితాలో వివాల్డి ఫ్లూట్ కన్‌చెర్టోలు నాలుగు దేశాల పేర్లతో ఉన్నాయి: ఫ్రాన్సు, స్పెయిన్, ఇంగ్లండు, మొఘలు. మొఘలు ఒక్కటే దొరికింది. మిగతా మూడు ఏ ఊళ్ళోనైనా మరొకరి పేరుతోనో, అసలు పేరే లేకుండానో ఉండి ఉంటే, ఎత్తుగడ చూసి పోల్చుకునే వీలు కూడా లేదు. సెల్‌హాఫ్ జాబితా వేసినవాడు పేర్లు రాశాడు కాని ఒక్క స్వరమూ రాయలేదు.